కొక్కెం లేని గాలం

ఆ ఏడు రేవు తెరిచిన మొదటి పొద్దునే, గొంతులోకి కాఫీ కూడా దిగకముందే, మా ఆయన వెస్ తన వంతు చేపని పట్టేశాడు. పట్టకుండా ఉంటే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

పెద్దదేం కాదు. మగది. తెడ్డుచేపల్లో మగవి ఎప్పుడూ బక్కవే. పొడుగు నా నడుం దాకా వచ్చింది గానీ అందులో మూడో వంతు తెడ్డులాంటి ముక్కే. వెస్ దాన్ని గట్టు బురదలో పడుకోబెట్టి, పెళ్ళిచూపుల్లో ఒకమ్మాయిని చూపించి ఇంకో అమ్మాయిని తెచ్చినట్టు మొహం పెట్టాడు.

"ఇదా?" అన్నాడు.

"అదే. ట్యాగు కట్టు," అన్నాను.

"ఇంకా బతికే ఉంది డార్సీ. చేతిలోంచి జారిపోయిందనుకుంటే..."

"పట్టి ఉంచుకునే రోజుల్లో ఏది పడితే అది ఉంచుకోవాల్సిందే. చిన్నది వదిలేసి పెద్దదాని కోసం మళ్ళీ వేయకూడదు. నువ్వే నాకు అప్పజెప్పావు."

అవును మరి, చలికాలమంతా నేను వాడి చేత ఆ రూల్సు పుస్తకం అప్పజెప్పించుకున్నాను. నేను గిన్నెలు కడగడం, వాడు తుడవడం, మధ్యలో నేను అడగడం. "ట్యాగు ఎప్పుడు కట్టాలి?" "పడ్డచోటే, అడుగు కదలకముందు." "ఒకరి ట్యాగు ఇంకొకరి చేపకి?" "కుదరదు." "నీ ట్యాగు అయిపోయాక?" "మళ్ళీ గాలం ముట్టుకోకూడదు." నా చదువు పదకొండో క్లాసులో, కడుపులో జూన్ పడ్డప్పుడే ఆగిపోయింది. అయినా ఆ పుస్తకం మాత్రం వాడికంటే నాకే బాగా వచ్చింది. దానికి కారణం ఉంది. బీటు దుంపల చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆర్నెల్లు ఊరికే కూర్చున్న వెస్‌కి, నది పైవైపు పడవ మీద చేపల్ని లెక్కగట్టే సర్కారు మనుషులు ఉద్యోగం ఇస్తామన్నారు. మాటామంతీ అంతా అయిపోయింది. "సీజను అయ్యేదాకా నీ లైసెన్సు మీద మచ్చ పడకుండా చూసుకో నాయనా, మిగతాది మేం చూసుకుంటాం," అన్నాడట వాళ్ళ పెద్దాయన.

ఆ ఉద్యోగంతో ఇన్సూరెన్సు వస్తుంది. మా జూన్‌కి మూడున్నరేళ్ళు. చెవుల్లో నీరు నిలిచి, పిలిస్తే పలకదు. పక్కనే నిలబడి మాట్లాడినా "ఆఁ?" అంటుంది. చలి మొదలవక ముందే చెవులకి ఆపరేషన్ చేయించకపోతే ఉన్న కాస్త వినికిడీ పోతుందని డాక్టరు చెప్పాడు. అందుకని ఆ సీజను రోజులన్నీ నాకు ఒకటే జపం. మచ్చ పడకూడదు. మచ్చ పడకూడదు.

వెస్ లైసెన్సుతో వచ్చిన ఒకే ఒక్క ట్యాగు ఆ చేపకి కట్టేశాడు. అంతటితో ఆ ఏడాదికి వాడి గాలం అయిపోయింది. నాకు లైసెన్సు లేదు. మిగిలింది మా అత్తగారు ఆర్డిస్.

*

మా అత్తగారికి అరవై ఎనిమిది. మంచు కరిగి యెల్లోస్టోన్ నది బురదగా పొంగే మే నెలలో, అడ్డుకట్ట కింద ఈ గట్టు మీద, వెస్ పుట్టకముందు నుంచి ఒకే చోట నిలబడి గాలం వేస్తోంది. ఆ చోటు ఇంకెవరైనా ఆక్రమిస్తే వాళ్ళ వెనక నిలబడి, వాళ్ళు విసుగెత్తి లేచేదాకా దగ్గుతూ ఉంటుంది. చేప లేని ఏడు ఆమెకి లేదు. కిందటి శరదృతువులో కుడి భుజానికి ఆపరేషన్ అయింది. ఇంకో ఆర్నెల్లు బరువెత్తొద్దన్నారు. ఆమె, గట్టు మీద మేం మకాం ఉండే ట్రైలరు బండిలో గాలం కర్ర సర్దుకుంటుంటే వెస్ అడ్డం పడ్డాడు.

"అమ్మా, డాక్టరు ఏమన్నాడు?"

"బరువెత్తొద్దన్నాడు. చేపని నేనెక్కడ ఎత్తుతాను? లాగుతాను."

మా గట్టు మీద ఎరలుండవు. తెడ్డుచేప నోరు బార్లా తెరుచుకుని, కంటికి కనపడని పురుగుల్ని నీళ్ళలోంచి వడకట్టుకుని తింటుంది. ఎర వైపు కన్నెత్తి చూడదు. అందుకని బరువైన సీసం గుండు, దాని పైన మూడుకొక్కేల గాలం కట్టి బురదనీళ్ళలోకి గుడ్డిగా విసరాలి. కర్రని వెనక్కి గుంజాలి, చుట్టాలి, మళ్ళీ గుంజాలి. ఎక్కడో ఓ చోట ఏ వీపుకో తోకకో తగలాలి. బాగున్న భుజాలే సాయంత్రానికి కూలబడతాయి. మా అత్తగారు నాలుగుసార్లు గుంజి, కర్రని బకెట్టుకి ఆనించి, ఆకాశం చూస్తున్నట్టు నటించేది. కళ్ళలో నీళ్ళు తిరిగితే దూది అనేది. కాటన్‌వుడ్ చెట్ల దూది గట్టంతా ఎగురుతూ ఉండేది కాబట్టి ఎవరూ కాదనలేరు.

పక్క ట్రైలరు బర్ల్‌కి నోరు పెద్దది, పొట్ట ఇంకా పెద్దది. రోజుకోసారి వచ్చి ఆమెని కదిపి పోయేవాడు.

"ఎందుకొదినా ఈ పంతం? నీ కొడుకు ఖాళీగానే ఉన్నాడు కదా. వాడు వేసి తగిలించి కర్ర నీకిస్తాడు. నువ్వు నాలుగు చుట్లు చుట్టి ట్యాగు కట్టుకో. అందరూ చేసేదేగా!"

అందరూ చేసేదే. మా గట్టు మీద దాన్ని కర్ర అందించడం అంటారు. ముసలివాళ్ళకి, చిన్నపిల్లలకి, కొత్తగా పెళ్ళయి వచ్చిన కోడళ్ళకి. బస్సులో సీటిచ్చినట్టే, అదొక మర్యాద. తప్పని ఎవరికీ తోచదు. వెస్ ఏడేళ్ళప్పుడు పట్టిన మొదటి చేపకి గాలం తగిలించింది మా అత్తగారే. ఫోటో ఇప్పటికీ వంటింట్లో ఉంది. రూల్సు పుస్తకంలో మాత్రం, గాలం ఎవరు తగిలిస్తే చేప వాళ్ళది. వాళ్ళ ట్యాగే కట్టాలి.

"నేను పోయాక వాడి చేత వేయించుకుంటాలే," అని మా అత్తగారు బర్ల్‌ని పంపేసేది.

"చేపకి తెలుసా ఏంటి ఎవరు వేశారో?" అంటూ పోయేవాడు బర్ల్.

నేను జూన్‌కి ఈత చొక్కా తొడిగి, దాని బొత్తాలు గంటకోసారి లాగి చూసుకుంటూ, గట్టు మీద మడతకుర్చీలో కూర్చునేదాన్ని. చేసే పనేమీ లేదు. అయినా ట్రైలరులోకెళ్ళి పడుకున్నాక కూడా ఒళ్ళంతా ఎవరో నన్నే గుంజినట్టుండేది. చూడటం కూడా ఒక చాకిరీ. పిల్లని చూడాలి, నీళ్ళని చూడాలి, మొగుడి చేతుల్ని చూడాలి.

వెస్‌కి ఆ రూల్సు ఊరికే నోటికొచ్చినవి కావు. తెలిసే నేర్చుకున్నాడు. ఒక సాయంత్రం వాళ్ళమ్మకే చెప్పాడు. "ఆడచేప గుడ్లకి రావడానికే పదిహేను పదహారేళ్ళు పడుతుందమ్మా. మళ్ళీ ఏటా పెట్టదు. ఇప్పుడు నదిలో తిరుగుతున్నవి చాలావరకు ముసలివే. పిల్లలు నిలవట్లేదు. అందుకే నదంతటికీ కలిపి ఇన్నే అని పెట్టారు. అవి నిండగానే మూసేస్తారు."

"ముసలివని జాలిపడే వాళ్ళు చేపలకైనా ఉన్నారు," అంది మా అత్తగారు భుజానికి మందు రాసుకుంటూ.

*

రేవు దగ్గర బోర్డు మీద, నది మొత్తానికి ఇంకెన్ని మిగిలాయో రాసేవారు. ఆ వేసవి నీళ్ళు బాగా వచ్చాయి, చేపలు గుంపులుగా ఎక్కాయి, అంకె రోజురోజుకీ కరిగిపోయింది. శనివారం పొద్దున్న బోర్డు చూసొచ్చిన బర్ల్ మా కుర్చీల దగ్గర ఆగాడు.

"ఇవాళ సాయంత్రానికి అయిపోతుంది వదినా. ఎవరితోనైనా పందెం కాస్తా."

మా అత్తగారు కర్ర అందుకుంది. లేచి, తన చోటుకి వెళ్ళి, ఒక్కసారి విసిరింది. గుండు పది గజాలు కూడా పోలేదు. చెయ్యి కిందికి వేలాడిపోయింది. కాసేపు అలాగే నిలబడి, వెనక్కి తిరక్కుండానే, "ఒరేయ్ వెస్," అంది.

ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. వెస్ కూడా వినలేదు. అడగకుండానే లేచి వెళ్ళి కర్ర అందుకున్నాడు.

"వెస్," అన్నాను నేను.

"ఒక్క చేప డార్సీ. మా అమ్మకి."

"నీ ట్యాగు అయిపోయింది."

"చుట్టూ చూడు. ఎవరు అందించుకోవట్లేదో చెప్పు."

చుట్టూ చూశాను. వాడు చూడమన్నందుకు కాదు, చూడటం తప్ప నాకింకో పని లేదు కాబట్టి. బర్ల్ తన అల్లుడికి అందిస్తున్నాడు. అవతల ఎవరో తాత మనవడికి. మాకు ఎగువన, పాత టోపీ పెట్టుకున్న ఒకావిడ పొద్దుటి నుంచీ ఒంటరిగా వేస్తోంది. ముప్పై ఏళ్ళుంటాయి. బాగా వేస్తోంది, దూరం పోతోంది. ఇంతసేపూ ఒక్కటీ తగల్లేదు పాపం, అనుకున్నాను.

ఆవిడ గాలం చుట్టి నీళ్ళలోంచి బయటికి తీసింది. చివర సీసం గుండు ఊగుతోంది. దాని పైన ఏమీ లేదు.

తెగిపోయిందేమో, కొత్తది కడుతుందేమో అని చూశాను. కట్టలేదు. ముక్కు తుడుచుకుని మళ్ళీ అలాగే విసిరింది. మళ్ళీ గుంజింది. కొక్కెం లేకుండా, చేప తగలకుండా ఉండాలని వేసేవాళ్ళు ఈ గట్టు మీదికి ఎందుకొస్తారు? చేప తగిలితే ఆగి ట్యాగు కట్టుకోవాలి, ఇంటికి పోవాలి. పోవడం ఇష్టం లేనివాళ్ళు, పొద్దంతా ఇక్కడే నిలబడి చూడాల్సిన పని ఉన్నవాళ్ళు...

జూన్‌ని చంకలో ఇరికించుకుని వెస్ దగ్గరికి పరుగెత్తాను.

"వెస్, కర్ర దించు. ఆవిడ..."

అప్పుడే తగిలింది. కర్ర విల్లులా వంగి, రీలు కీచుమని అరిచింది. వెస్ రెండడుగులు నీళ్ళ వైపు జారాడు. "అమ్మో, ఆడది! ఆడదే! అమ్మా, రా, రా, పట్టుకో!" మా అత్తగారు వచ్చి పడింది. కర్ర మొదలు పొట్టకి ఆనించుకుని, ఎడం చేత్తో రీలు పట్టుకుని, చిన్నపిల్లలా నవ్వింది. ఆమె అలా నవ్వడం కూడా నేను అంతకుముందు చూడలేదు.

"వెస్, విను. ఆవిడ వార్డెన్, తప్పులు పట్టే సర్కారు మనిషి."

"ఎవరు? ఉండవే, ఆగు. అమ్మా, వదులు, కొంచెం వదులు, పోనీ దాన్ని..."

"కొక్కెం లేదు ఆవిడ గాలానికి!"

"ఏం మాట్లాడుతున్నావు?"

ఎగువన ఆవిడ తన కర్రని నేల మీద పెట్టేసింది. మా వైపు నడవటం మొదలుపెట్టింది. తొందరేం లేదు, బురదలో అడుగులు చూసుకుంటూ. బర్ల్ కేకలు పెడుతున్నాడు, గట్టంతా అరుస్తున్నారు. నీళ్ళలోంచి చేప ఒక్కసారి పైకొచ్చింది. తెడ్డు ముక్కు, నల్లటి వీపు, గుడ్లతో ఉబ్బిన కడుపు. అంత పెద్దదాన్ని ఆ సీజనులో ఎవరూ పట్టలేదు. ఇంకో నాలుగు చుట్లు చుడితే గట్టెక్కుతుంది. గట్టెక్కితే దానికి ఎవరి ట్యాగు కట్టినా తప్పే.

భుజానికి జూన్ సంచీ ఉంది. అందులో దాని గోళ్ళు, జుట్టు కత్తిరించే చిన్న కత్తెర. తీశాను. బిగుసుకున్న తాడు కదా, నొక్కీ నొక్కకముందే పుట్టుక్కున పోయింది.

మా అత్తగారు వెనక్కి పడి బురదలో కూర్చుంది. గట్టు మీద అరుపులన్నీ ఒక్కసారి ఆగిపోయాయి.

*

"పిచ్చెక్కిందా నీకు?" అన్నాడు వెస్.

మా అత్తగారు నా వైపు చూడలేదు. తాడు లేని కర్ర చివరని చూస్తూ కూర్చుంది.

టోపీ ఆవిడ మమ్మల్ని దాటుకుంటూ బర్ల్ దగ్గరికి వెళ్ళి జేబులోంచి సర్కారు బిళ్ళ తీసి చూపించింది. బర్ల్ అల్లుడి చేతిలో కర్ర, గట్టు మీద చేప, దానికి అల్లుడి ట్యాగు. "వేసింది మీరు. పొద్దుటి నుంచీ చూస్తున్నాను," అంది చాలా మామూలుగా. బర్ల్ పొట్ట ఎగరేసి, దించేసి, చేపకి తెలుసా ఎవరు వేశారో అని ఆవిడకి కూడా చెప్పి చూశాడు. "చేపకి తెలియకపోయినా ఫరవాలేదండీ, నాకు తెలుసు," అంది. చేపనీ తీసుకుంది, ఇద్దరి లైసెన్సులూ తీసుకుంది.

తర్వాత మా దగ్గరికి వచ్చింది. వెస్ మొహం పిండిలా తెల్లగా అయిపోయింది. ఆవిడ నీళ్ళ వైపు చూసి, మా అత్తగారి వైపు చూసి, నా చేతిలో కత్తెర వైపు చూసింది.

"తాడు తెగిందా?" అంది.

నేను తలూపాను.

ఆవిడ కొంచెంసేపు ఆలోచించింది. ఆ కొంచెంసేపులో జూన్ పెళ్ళీడుకి వచ్చేసినట్టనిపించింది నాకు.

"ట్యాగు లేనివాళ్ళు గాలం ముట్టుకోకూడదని మీ ఆయనకి తెలిసే ఉంటుంది."

"తెలుసండీ. బాగా తెలుసు."

"చేప గట్టు మీదికి రాలేదు. రాని చేప గురించి నేనేం రాయను," అంది. "ఇంకోసారి ఇలా ఊరుకోను. ఆ కత్తెర లోపల పెట్టమ్మా, పిల్లకి గుచ్చుకుంటుంది."

వెళ్ళిపోయింది. వెస్ బకెట్టు బోర్లించి దాని మీద కూర్చున్నాడు. నాకు థాంక్స్ చెప్తాడేమో అనుకున్నాను. చెప్పలేదు. చెప్తే వాళ్ళమ్మ వినేది.

సాయంత్రం ఏడింటికి రేవు మనిషి వచ్చి బోర్డు మీద అంకె తుడిచేసి, మూసేశాం అని రాశాడు. మా అత్తగారి ట్యాగు ఆమె టోపీకి పిన్నుతో గుచ్చి అలాగే ఉంది. ఆమె లేచి, బట్టలకంటిన బురద దులుపుకుని, వెస్‌తో అంది, నాతో కాదు.

"వార్డెనే అయ్యుండొచ్చు. ఆవిడది కరెక్టే అయ్యుండొచ్చు. నా చేప తాడు కోసింది నా కోడలు."

*

సోమవారం వెస్ నది పైవైపుకి వెళ్ళిపోయాడు. ఉద్యోగం వచ్చేసింది. వారమంతా పడవ మీదే, రాత్రుళ్ళు గుడారంలో. బర్ల్ వాళ్ళు కోర్టు తారీకు తిట్టుకుంటూ ట్రైలరు తగిలించుకుని పోయారు. గట్టు ఖాళీ అయిపోయింది. మనం కూడా పోదామా అని అడుగుదామంటే అడిగే దారి లేదు. మా అత్తగారు నాతో మాట్లాడటం మానేసింది. ఏదైనా కావాలంటే జూన్ ద్వారానే.

"జూన్, మీ అమ్మని ఉప్పివ్వమను."

"ఆఁ?"

"ఉప్పు. మీ అమ్మని."

"ఆఁ?"

"ఉప్పే! ఉప్పు!"

జూన్ ఆమె నోటినే చూస్తూ, ఏదో ఆట అనుకుని, నవ్వింది. మా అత్తగారు కాసేపు దాని మొహంలోకి చూసింది. చెవి వెనక జుట్టు పక్కకి తీసి, లోపల ఏమైనా కనపడుతుందేమో అన్నట్టు వంగి చూసింది. తర్వాత తనే చెయ్యి చాపి, ఎడం చెయ్యి, ఉప్పు అందుకుంది. ఆ పూట ఇక ఎవరితోనూ ఏమీ అడిగించలేదు.

పట్టి ఉంచుకునే రోజులు మూసేశాక మా రేవులో మాత్రం ఇంకొన్నాళ్ళు గాలం వేసి, పడ్డదాన్ని వదిలేయనిస్తారు. ట్యాగు మిగిలినవాళ్ళే వేయాలి. పడితే నీళ్ళలోనే కొక్కెం తీసి వెంటనే పంపేయాలి. ఇంటికి తీసుకెళ్ళడానికేం ఉండదు కాబట్టి ఎవరూ రారు. బుధవారం పొద్దున్న నేను లేచేసరికి మా అత్తగారు తన చోటులో నిలబడి ఉంది. కొత్త తాడు, కొత్త గాలం. జూన్‌ని ఎత్తుకుని వెళ్ళి వెనకాల నిలబడ్డాను.

"పట్టుకో," అంది నీళ్ళ వైపే చూస్తూ.

చుట్టూ చూశాను. జూన్ నా చంకలోనే ఉంది. నాతోనే అంటోంది.

"నాకు లైసెన్సు లేదత్తయ్యా. నేను కర్ర ముట్టుకోకూడదు."

"కర్ర కాదే మొద్దూ. నన్ను పట్టుకో. కాలు జారుతోంది."

జూన్‌ని గడ్డి మీద నా కనుచూపులో కూర్చోబెట్టి, మా అత్తగారి బెల్టు వెనకనుంచి రెండు చేతులా పట్టుకున్నాను. ఆమె కింది నుంచి, పిల్లలు గిల్లీదండా కొట్టినట్టు విసిరేది. గుండు కొంచెమే పోయేది. గుంజినప్పుడల్లా ఆమె వీపులో ఎముక కదలడం నా చేతులకి తెలిసేది. ఒక్కో గుంజుకీ ఒక చిన్న మూలుగు. మాట్లాడుకోలేదు. పొద్దు పైకెక్కింది. నాకు చేతులు తిమ్మిరెక్కాయి, ఆమెకి ఇంకెంత ఉందో.

తగిలింది.

ఎంత గట్టిగా తగిలిందంటే ఇద్దరం కలిసి ముందుకి తూలాం. నేను మడమలు బురదలో దిగేసి వెనక్కి వాలాను. రీలు అరుస్తోంది. మా అత్తగారు ఎడం చేత్తో చుడుతోంది, కుడి చెయ్యి కర్ర మీద ఊరికే ఆనించి ఉంది, పట్టు లేదు. చేప కిందికి పోతే ఆమె పోయేది, ఆగితే చుట్టేది. ఎంతసేపో. ఒకసారి కర్ర ఆమె చేతిలో పూర్తిగా పక్కకి తిరిగిపోయింది. నోట్లోంచి గాలి తీసిన టైరులా చప్పుడొచ్చింది. నా చెయ్యి నాకు తెలియకుండానే బెల్టు వదిలి కర్ర మీదికి పోయింది.

"చెయ్యి తియ్యి."

"ఎవరూ లేరత్తయ్యా ఇక్కడ. ఒక్క నిమిషం పట్టుకుంటాను. భుజం ఊడొస్తుంది."

"శనివారం లేని చెయ్యి ఇవాళ ఎక్కణ్ణుంచి వచ్చింది?" అంది పళ్ళ బిగువున. తర్వాత కొంచెం మెల్లగా, "తియ్యవే. పిల్ల చెవుల మాటేంటి?"

చెయ్యి తీసేశాను. మళ్ళీ బెల్టు పట్టుకున్నాను. ఈసారి ఇంకా గట్టిగా.

చేప తీరానికొచ్చేసరికి ఇద్దరం బురదలో కూర్చునే ఉన్నాం. దానికీ ఓపిక లేదు, మాకూ లేదు. "నువ్వు దిగు. నాకు లేవడం రాదు," అంది. జూన్ ఎక్కడుందో చూశాను. గడ్డి మీదే ఉంది, దూది ఏరుకుంటోంది. "నేను చూస్తాలేవే దాన్ని. పిలిస్తే పలకదు గానీ ఎక్కడికీ పోదు. దిగు." మోకాళ్ళ దాకా నీళ్ళలోకి దిగాను. నీళ్ళు మంచు కరిగిన నీళ్ళు, ఎముకల్లోకి పోయాయి. చేప తోక దగ్గర గుచ్చుకుంది కొక్కెం. మెల్లగా తిప్పి తీశాను. పొలుసులుండవు దానికి, తడిసిన రబ్బరులా ఉంది. అటూ ఇటూ తడిమి చూశాను. శనివారం చేప కాదు. నా కత్తెర వదిలేసిన గాలంతో అది ఇంకా ఎక్కడో తిరుగుతూనే ఉండి ఉంటుంది.

వదలబోయాను.

"అప్పుడే వద్దు," అంది గట్టు మీంచి. "మొహం ఎగువకి తిప్పి పట్టుకో. నీళ్ళు నోట్లోంచి పోనీ. ఇంకా ఊపిరందలేదు దానికి."

పట్టుకున్నాను. చిన్న చిన్న కళ్ళు, ఇంత ఒంటికి ఆ కళ్ళు ఎలా సరిపోతాయో. మొప్పలు తెరుచుకోవడం, మూసుకోవడం, మళ్ళీ చాలాసేపు తెరుచుకోకపోవడం. నేను కూడా దాంతోపాటే ఊపిరి బిగపట్టాను. చేతులు మొద్దుబారిపోయాయి. ఇక అయిపోయిందేమో అనుకున్నప్పుడు దాని ఒళ్ళు నా చేతుల మధ్య ఒక్కసారి బరువెక్కింది. తోక నా మోకాలికి తగిలింది. అంతే, బురదనీళ్ళలోకి కనపడకుండా పోయింది.

మా అత్తగారిని చంకల కింద చేతులేసి లేపాను. ట్రైలరు దాకా నా మీదే బరువేసి నడిచింది.

సాయంత్రం వెస్ ఫోన్ చేశాడు. పడవ గురించి, వల గురించి, పై నుంచి చూస్తే నది ఎలా ఉంటుందో, అన్నీ చెప్పాడు. గొంతు అలిసిపోయి ఉంది గానీ బాగుంది.

"మీ అమ్మకి చేప పడింది," అన్నాను. "వదిలేసింది."

"కర్ర ఎవరు పట్టుకున్నారు?" అన్నాడు.

మా ఫోను పెద్దగా వినిపిస్తుంది. మా అత్తగారు మంచం అంచున కూర్చుని వింటోంది. "చూశావా, మూడు రోజులకే వార్డెనైపోయాడు," అంది. నవ్వబోయి భుజం పట్టుకుంది.

"మీ అమ్మే పట్టుకుంది," అన్నాను. "మొదటి నుంచి చివరి దాకా."

వెస్ ఏదో అనబోతున్నాడు. మా అత్తగారు లేచి నా ముందుకొచ్చి, నాకు వీపు తిప్పి నిలబడింది.

"ఇక ఫోను పెట్టేసి ఈ కోటు విప్పవే. నా వల్ల కావట్లేదు," అంది. "ముందు ఎడం చెయ్యి. కుడిది మెల్లగా."